గోడ గడియారంలో పది నిమిషాలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఒక్క రోజు తప్ప ఎప్పుడూ ఆలస్యంగా వెళ్ళలేదు. ఈ గొప్ప విని విని మా ఇంట్లోవాళ్ళు విసిగిపోయారు. మీరు కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు కాబట్టి, మీకు ఈ గొప్పతో పాటు ఇంట్లో చెప్పని సంగతి కూడా చెబుతాను. నా ఈ టైము పిచ్చి వల్ల ఒక అమ్మాయి ఉద్యోగం పోయేంత పనైంది. పోయి ఉంటే తప్పు నాదని ఎవరికీ తెలిసేది కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

మా ఆఫీసు మారేడ్‌పల్లిలో ఒక పాత బంగళా మేడ మీద ఉండేది. చిన్న కంపెనీ. భూమి చుట్టూ తిరిగే వాతావరణ ఉపగ్రహాలు మన తల మీదుగా పోతూ మేఘాల బొమ్మలు కిందికి పంపుతుంటాయి. వాటిని పట్టుకుని ఓడరేవులకీ పడవల సంఘాలకీ అందించడం మా పని. అలాంటి ఉపగ్రహం ఒకచోట నిలబడి ఉండదు. ఒక దిక్కున లేచి, పన్నెండు పదమూడు నిమిషాల్లో ఆకాశం దాటేసి, ఇంకో దిక్కున దిగిపోతుంది. అలా ఒకసారి దాటడాన్ని మేము పాస్ అనేవాళ్ళం. ఆ కాసేపూ డాబా మీది యాంటెన్నా దాన్నే చూస్తూ తిరగాలి. తప్పిందంటే ఆ బొమ్మ మళ్ళీ రాదు.

నేను శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాణ్ణి. రేడియో పని నేర్చుకుని, ఆ కంపెనీ పెట్టినప్పుడే చేరి, బొమ్మలు పట్టే గదికి ఇన్‌చార్జి అయ్యాను. మొదటి ఏడాది మాతో ఒక కుర్ర టెక్నీషియన్ ఉండేవాడు. ఒకరోజు పొద్దున అతను అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, పాస్ పోయింది, మర్నాడు అతని ఉద్యోగమూ పోయింది. అతను వెళ్ళిపోతుంటే చూడలేకపోయాను. ఆ సాయంత్రమే కుర్చీ వేసుకుని గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పేశాను. నా చేతి వాచీ కూడా దానికి సరిపెట్టుకున్నాను. ఇక ఎవరూ ఆలస్యంగా రారు, ఎవరి ఉద్యోగమూ పోదు అనుకున్నాను. హాజరు పుస్తకం ఆ గడియారంతోనే నడిచేది కాబట్టి మెల్లగా అందరూ వాచీలు దానికే పెట్టుకున్నారు. సాయంత్రం కూడా పది నిమిషాలు ముందే ఇంటికి పోయేవాళ్ళం గనక ఎవరికీ నష్టం లేదు. తరవాత పాతవాళ్ళు వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు వచ్చారు. చివరికి ఆ పది నిమిషాల సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నిజానికి నేనూ మర్చిపోయాను. అల్వాల్ బస్సుకి వెళ్ళేటప్పుడు వాచీ చూసి పది తీసేసుకునేవాణ్ణి, తీసేస్తున్నానని గుర్తు కూడా ఉండేది కాదు.

పాస్‌లకి ఆ గడియారంతో పని పడలేదు. యాంటెన్నా ఎప్పుడు ఎటు తిరగాలో చెప్పడానికి ఒక విదేశీ యంత్రం ఉండేది. మనిషి ఉండి మీట నొక్కితే చాలు, టైము అదే చూసుకునేది. తరవాత అది పాడైంది. రాసి చూస్తే, చేసిన కంపెనీయే మూతపడిందని తెలిసింది. అప్పటి నుంచి ఉపగ్రహం చప్పుడు వింటూ, యాంటెన్నాని చేత్తో తిప్పే పెట్టెతోనే నెట్టుకొచ్చాం. అప్పటికి ఊరంతా సాఫ్ట్‌వేర్ గాలి వీస్తోంది. అమీర్‌పేట వైపు ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. మా పెద్దసారు కూడా ఆ గాలిలోనే ఒక అమ్మాయిని ఆరు నెలల ట్రయల్ మీద ఉద్యోగంలోకి తీసుకున్నాడు.

ఆ అమ్మాయిది రెజిమెంటల్ బజార్. వాళ్ళ నాన్నకి అక్కడ ఇత్తడి సామాన్ల దుకాణం. ఫిజిక్స్‌తో డిగ్రీ చదివింది. ఇంజినీరింగ్ కాదని సాఫ్ట్‌వేర్ కంపెనీలు గుమ్మంలోంచే పంపించేశాయట. వచ్చిన అయిదో నెలలో ఆమె ఒక ప్రోగ్రామ్ పట్టుకొచ్చింది. ఉపగ్రహం ఇప్పుడు ఎక్కడుందో, మన తల మీదికి ఎప్పుడు వస్తుందో లెక్కకట్టి, యాంటెన్నాని తనే తిప్పే ప్రోగ్రామ్. ఒక్కో ఉపగ్రహానికీ, అది తిరిగే దారి చెప్పే రెండు వరుసల అంకెలుంటాయి, అవి ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఆ అంకెలూ, మన ఊరు ఎక్కడుందీ, ఇప్పుడు టైమెంతా చెబితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, లోపలి కోడ్‌తో సహా అందరికీ వదిలేశారట. ఓపెన్ సోర్స్ అనే మాట నేను వినడం అదే మొదలు.

"ఊరికే ఎందుకిస్తారమ్మా? ఏదో తిరకాసు ఉంటాది," అన్నాను.

"తిరకాసేం లేదు సార్. వాళ్ళకి కావాలని రాసుకున్నరు, మనకి పనికొస్తే వాడుకోమన్నరు. తప్పులు కనిపిస్తే చెప్పమన్నరు, గంతే."

ఆ ప్రోగ్రామ్‌తో పాటు వచ్చిన ఒక ఫైలు తెరిచి చూపించింది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని వరసగా రాసి ఉంది. ఫలానా చోట నేను లెక్క తప్పు వేశాను, ఫలానా ఆయన చూసి చెప్పాడు, దిద్దాను అని పేర్లతో సహా. నాకు నవ్వొచ్చింది.

"తప్పు చేసి ఊరంతా చాటింపు వేసుకోడమేటమ్మా? గుట్టుగా దిద్దేసుకోవాలి గానీ," అన్నాను.

"గుట్టుగ దిద్దితే పక్కోడికి ఎట్ల తెలుస్తది సార్?" అంది. కుర్రతనం అనుకుని వదిలేశాను.

ఆమె ఆ ప్రోగ్రామ్‌ని మూడు వారాలు వాళ్ళింటి డాబా మీదే పరీక్ష చేసింది. అల్యూమినియం గొట్టాలతో యాంటెన్నా చేసుకుని, పాత కంప్యూటర్‌కి తగిలించి, బొమ్మలు పట్టుకొచ్చి చూపించింది. బాగానే ఉన్నాయి. అవి బాగుండటమే నాకు నచ్చలేదు. పన్నెండేళ్ళుగా ఆ గదికి పెద్దని నేను. పెద్దసారు అందరి ముందూ నా అభిప్రాయం అడిగితే, "నాకు నమ్మకం లేదండి," అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. చూసి కూడా ఊరుకున్నాను.

పెద్దసారు హైదరాబాద్ పాతకాపు. మాట కరుకు. "చూడమ్మా, శనివారం పడవల సంఘమోళ్ళు వస్తున్నరు. నీ ఆరు నెలలు సుత గప్పుడే అయిపోతున్నయ్. ఆ రోజు నాలుగు పాస్‌లున్నయ్ అంటున్నవ్ గద. వాళ్ళ ముంగట ఒక్క బొమ్మన్న సాఫ్‌గ వస్తే నీ నౌకరీ పక్కా. లేకుంటే సోమవారం నుంచి రాకు," అన్నాడు.

శుక్రవారం సాయంత్రం, వచ్చేవాళ్ళ కళ్ళకి బాగుండాలని పెద్దసారు ఒక కొత్త కంప్యూటర్ తెప్పించాడు. ఆమె కూర్చుని ప్రోగ్రామ్ ఎక్కించింది. బల్ల శుభ్రంగా ఉండాలని, యాంటెన్నాని చేత్తో తిప్పే పాత పెట్టెని నేనే బీరువాలో పెట్టించి తాళం వేయించాను. తాళంచెవి జేబులో వేసుకుని స్టోరు గుమాస్తా ఇంటికి వెళ్ళిపోయాడు. శనివారం అతనికి సెలవు.

"సార్, కరెక్టు టైం చెప్పండి. కంప్యూటర్‌ల పెట్టాలె," అంది ఆమె.

"నీ చేతికి వాచీ ఉంది కదమ్మా?"

"నా వాచీని నమ్మలేం సార్. ఈ ఆఫీసుల టైం అంటే మీరే గద."

ఆ మాటకి నేను పొంగిపోయాను. నా వాచీ చూశాను, గోడ గడియారం చూశాను. రెండూ ఒకటే చూపిస్తున్నాయి. ఎందుకు చూపించవు, రెండింటినీ తిప్పింది నేనే కదా. సెకన్లతో సహా చెప్పాను. ఆమె సెకన్లతో సహా పెట్టింది.

వెళ్ళేముందు మెట్ల దగ్గర ఆగి, "రేపు ఒకవేళ బొమ్మ రాకుంటే సార్, నేను ఇంట్ల దుకాణంల కూసునుడే. డిగ్రీకి ఎవరూ ఇంటర్వ్యూకి సుత పిలుస్తలేరు," అంది. "చూద్దాం లే అమ్మా," అన్నాను.

శనివారం మొదటి పాస్ ఏడూ నలభైకి. అప్పటికి గదిలో మేమిద్దరమే. కంప్యూటర్లో ఏడూ నలభై అయ్యేసరికి యాంటెన్నా దానంతటదే కదిలింది. ఉత్తరం వైపు నుంచి మెల్లగా పైకి లేచి, తూర్పు మీదుగా దక్షిణానికి దిగింది. కిటికీలోంచి చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ స్పీకర్లో ఉత్త హోరు. ఆ ఉపగ్రహం వస్తే గడియారం నడిచినట్టు టిక్కు టిక్కుమని వినిపించాలి. ఒక్క టిక్కు లేదు. తెర మీద చుక్కలు తప్ప ఇంకేమీ లేవు.

"కొంచెం దూరం నుంచి పోయింది సార్. తొమ్మిదీ ఇరవైది తల మీంచే పోతది, అది వస్తది," అంది. గొంతులో ధైర్యం ఉంది గానీ చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

తొమ్మిది గంటలకి పెద్దసారుతో పాటు ఇద్దరు వచ్చారు. మా వైపు తీరం నుంచి వచ్చిన పడవల యజమానులు. ఒకాయన నా వయసువాడు, రెండో ఆయన ఇంకా పెద్దాయన, ఎండకి కమిలిన ముఖం. నా యాస వినగానే పెద్దాయన నవ్వాడు. "మావోరేనన్నమాట," అన్నాడు.

తొమ్మిదీ ఇరవైకి యాంటెన్నా మళ్ళీ ముచ్చటగా తిరిగింది. మళ్ళీ హోరే. పన్నెండు నిమిషాల పాటు ఆరుగురం, కాఫీలు పట్టుకొచ్చిన ఆయాతో సహా, చుక్కలు చూస్తూ కూర్చున్నాం. పెద్దసారు ముఖం ఎర్రబడింది. వచ్చినవాళ్ళ ముందు ఏమీ అనలేక, "కేబుల్ ఏమన్న ఖరాబ్ అయ్యిందేమో, దేఖో," అని నా వైపు చూశాడు. తరవాత ఆమె వైపు తిరిగి, "ముఫత్‌ల వచ్చింది గిట్లనే ఉంటది," అన్నాడు మెల్లగా. అందరికీ వినిపించింది.

ఆమె చిన్న చేతి రేడియో తీసుకుని డాబా మీదికి వెళ్ళిపోయింది. ఏడవడానికే వెళ్ళిందనుకున్నాను. పావుగంటకి దిగి వచ్చింది. కళ్ళల్లో తడి లేదు, కానీ ముఖంలో ఏదో మారింది. నా వైపు చూడకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను కేబుల్ విప్పి చూశాను, కొసన ఉన్న కనెక్టర్ కాస్త నల్లబడి ఉంది. కొత్తది తెస్తానని బయల్దేరాను. నిజం చెప్పాలంటే ఆ గదిలో ఉండలేక బయల్దేరాను.

రెజిమెంటల్ బజార్‌లో నాకు తెలిసిన రేడియో సామాన్ల షాపు ఒకటుంది. ఆ రోజు అక్కడ రద్దీగా ఉంది, నాకు కావలసిన సైజు దొరకడానికి రెండు మూడు షాపులు తిరగాల్సి వచ్చింది. చివరికి మళ్ళీ ఆ మొదటి షాపాయనే లోపల వెతికి ఒకటి తెచ్చాడు. కౌంటర్ మీద రేడియో మోగుతోంది. సమయం ఒంటిగంట అని చెప్పారు. షాపాయన చేతి వాచీ చూసుకుని ముల్లు కొంచెం జరుపుకున్నాడు. ఆయన్ని చూసి నేనూ అలవాటుగా నా వాచీ చూసుకున్నాను. ఒంటిగంటా పది.

కౌంటర్ అంచు పట్టుకున్నాను.

"ఏమైంది సాబ్? తబియత్ మంచిగ లేదా? జెర కూసోండి," అన్నాడు షాపాయన.

కూర్చున్నాను. ఒక్కసారిగా అంతా కనిపించింది. కంప్యూటర్లో టైము పది నిమిషాలు ముందుంది. అంటే ఉపగ్రహం ఇంకా రాకముందే యాంటెన్నా తిరగడం మొదలుపెట్టింది. అసలు ఉపగ్రహం లేచే వేళకి ఇది ఆకాశమంతా చుట్టేసి అటువైపు ముఖం పెట్టుకుని నిలబడింది. ప్రోగ్రామ్ తప్పు లేదు, కేబుల్ తప్పు లేదు, ఆ అమ్మాయి తప్పు అసలే లేదు. తప్పు టైము చెప్పింది నేను. అదీ సెకన్లతో సహా.

అప్పుడే పరిగెత్తి వెళ్ళి చెప్పి ఉంటే ఇది చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఆటోలో కూర్చున్నాక భయం పట్టుకుంది. వారం కిందట అందరి ముందూ నమ్మకం లేదన్నవాణ్ణి నేను. ఇప్పుడు టైము తప్పు పెట్టించిందీ నేనే. కావాలని చెడగొట్టాడంటే ఏం జవాబు చెప్పను? ఆ పెద్దసారు నోటి ముందు, మా వైపు నుంచి వచ్చిన మనుషుల ముందు, ఈ వయసులో తల ఎక్కడ పెట్టుకోను? మారేడ్‌పల్లి చేరేలోపు ఒక ఉపాయం కుదుర్చుకున్నాను. ఎవరూ చూడకుండా కంప్యూటర్లో టైము సరిచేసేస్తే సరి. రెండూ పదిహేను పాస్‌కి బొమ్మ వస్తుంది, ఆమె ఉద్యోగం నిలబడుతుంది, నా పరువూ నిలబడుతుంది. గుట్టుగా దిద్దేసుకోవడమే కదా.

నేను వెళ్ళేసరికి వచ్చినవాళ్ళు భోజనాల్లో ఉన్నారు. ఆమె డాబా మీద యాంటెన్నా దగ్గర ఉంది. గది ఖాళీ. కనెక్టర్ బిగించాను. తరవాత కుర్చీలో కూర్చుని, దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూస్తూ, కంప్యూటర్ టైముని పది నిమిషాలు వెనక్కి జరిపాను. లేచేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గోడ గడియారం జోలికి పోలేదు. పోతే అందరూ అడుగుతారు.

రెండు గంటలు దాటాక అందరూ వచ్చి కూర్చున్నారు. ఆమె కూడా దిగి వచ్చి చేతి రేడియోని బల్ల మీద పెట్టింది. పొద్దుటంత కంగారుగా లేదు. నేను కూడా లేను. నేను కంప్యూటర్ మూలన ఉన్న టైము చూస్తున్నాను. ఆమె గోడ గడియారం చూస్తోంది. ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే క్షణం కోసం కాచుకుని ఉన్నాం.

కంప్యూటర్లో రెండూ పదిహేను అయింది. గోడ మీద రెండూ ఇరవై అయిదు. యాంటెన్నా కదలలేదు.

ఆమె వైపు చూశాను. ఆమె గోడ గడియారాన్నీ కంప్యూటర్‌నీ మార్చి మార్చి చూస్తోంది. అంతలో బల్ల మీది చేతి రేడియోలో సన్నగా మొదలైంది, టిక్కు, టిక్కు, టిక్కు.

"ఏదో టిక్కుమంటంది. అదేనేటి బాబూ?" అన్నాడు పెద్దాయన.

అదే. ఉపగ్రహం వచ్చేసింది. చప్పుడు నిమిషనిమిషానికి పెరుగుతోంది. చిన్న రేడియోకే అంత బాగా వినిపిస్తోందంటే నెత్తి మీదికి వస్తోందన్నమాట. డాబా మీద మా పెద్ద యాంటెన్నా మాత్రం దక్షిణం వైపు చూస్తూ కొయ్యలా నిలబడి ఉంది. చేత్తో తిప్పుదామంటే పెట్టె బీరువాలో ఉంది. తాళంచెవి ఎక్కడో గుమాస్తా ఇంట్లో ఉంది. పెద్దసారు, "తిప్పండయ్యా, తిప్పండి," అంటూ లేచి నిలబడ్డాడు. పది నిమిషాలు అలా ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం. చప్పుడు తగ్గి, సన్నబడి, ఆగిపోబోతుండగా యాంటెన్నా నిమ్మళంగా కదలడం మొదలుపెట్టింది. తెర మీద చుక్కలే.

ఆమె లేచి నిలబడింది.

"సార్, తప్పు నాదే," అంది పెద్దసారుతో. "పొద్దున డాబా మీదికి పోయి విన్న. ఉపగ్రహం పది నిమిషాలు లేట్‌గ వస్తున్నది. నేను ఎక్కించిన అంకెలు పాతవేమో అనుకున్న. చెప్తే మీరు ఏమంటరో అని చెప్పలె. ఎవరికీ చెప్పకుండ ప్రోగ్రామ్‌ల పది నిమిషాలు కలిపిన."

"కలిపితే మరి రావాలె గద. ఎందుకు రాలె?"

"తెల్వదు సార్."

"తెల్వదా? వాళ్ళను అంత దూరం నుంచి పిలిపించి పరేషాన్ చేసి, తెల్వదంటవా? ఇగ చాలమ్మా. సోమవారం నుంచి రాకు."

ఆమెకి తెలియదు. నాకు తెలుసు. ఆమె పది కలిపింది, నేను పది తీశాను. ఎవరో ఒకరమే దిద్ది ఉంటే బొమ్మ వచ్చేది. ఇద్దరం ఒకరికొకరం చెప్పకుండా దిద్దాం, రాబోయే బొమ్మని ఇద్దరం కలిసి చెడగొట్టాం. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు మూసుకుని ఉంటే చాలు, అంతటితో అయిపోతుంది. నోరు మూసుకునే ఉన్నాను. ఇది కూడా మీకు చెప్పాలి. ఆమె టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుంది, చెప్పులు వేసుకుంది, అప్పటిదాకా నేను మాట్లాడలేదు.

గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగింది.

"పొద్దటి నుంచి నా కోసం మీరే తిరిగిండ్రు సార్. ఎండల పోయి కనెక్టర్ సుత తెచ్చిండ్రు. మస్తు తక్లీఫ్ ఇచ్చిన మీకు," అంది.

అప్పుడిక నా వల్ల కాలేదు. కుర్చీ లాక్కుని దాని మీదికెక్కి, గోడ గడియారం దింపి, తెచ్చి పెద్దసారు ముందు బల్ల మీద పెట్టాను.

"ఆ అమ్మాయి తప్పు కాదండి. ఇది పది నిమిషాలు ముందుంటుంది. పన్నెండేళ్ళ కిందట నేనే తిప్పాను. నిన్న కంప్యూటర్లో ఈ టైమే పెట్టించాను," అన్నాను.

పెద్దసారు తన బంగారు వాచీ చూసుకున్నాడు, గడియారం చూశాడు. నేను భయపడ్డ ప్రశ్నే అడిగాడు. "కావాలని చేసినవా?"

"లేదండి, మర్చిపోయాను. మధ్యాహ్నం బజార్లో గుర్తొచ్చింది. వచ్చి, ఎవరికీ చెప్పకుండా కంప్యూటర్లో టైము వెనక్కి జరిపాను. అది మాత్రం కావాలనే చేశాను."

ఆమె గుమ్మంలోనే నిలబడి నన్ను చూస్తోంది. ఆ చూపు కన్నా పెద్దసారు తిట్లు నయం. ఆయన తిట్టాడు కూడా, తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలోకి వెళ్ళాడు. తలొంచుకుని విన్నాను. అంతా అయ్యాక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అంటే ఇద్దరూ చెరోపక్కా లాగేసినారన్నమాట. మా పడవలో ఒకడికి తెలీకుండా ఒకడు చుక్కాని పట్టుకుంటే ఇదే అవుద్ది. ఇంకోటుందన్నారు కదా బాబూ? మా రైలు రాత్రికి గానీ లేదు. ఉండి సూస్తాం," అన్నాడు.

పెద్దసారు అవుననలేదు, కాదనలేదు. కుర్చీలో కూలబడ్డాడు. ఆమె చెప్పులు విప్పి లోపలికి వచ్చింది.

"ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోతుండె గద సార్," అంది నాతో. కోపంగానే అంది. సంచి బల్ల మీద పెడుతూ, "నేను సుత చెప్పలె," అంది.

చివరి పాస్ మూడూ యాభై అయిదుకి. మేమిద్దరం కంప్యూటర్ ముందు పక్కపక్కన కూర్చున్నాం. ఆమె ఫోన్‌లో టైము చెప్పే నంబరు కలిపి, విన్నది విన్నట్టు పైకి చెప్పింది. నేను కంప్యూటర్ టైము చూసి, సరిపోయిందని పైకి చెప్పాను. "నేను కలిపిన పది నిమిషాలు తీసేస్తున్న," అంది, తీసేసింది. "తీసేసింది, నేను చూశాను," అన్నాను. వినేవాళ్ళకి పిల్లల ఆటలా ఉండి ఉంటుంది. మాకు నవ్వు రాలేదు.

మూడూ యాభై అయిదు. మోటారు చప్పుడైంది. యాంటెన్నా కదిలింది. హోరు, ఇంకా హోరు. ఆమె బల్ల అంచు పట్టుకుని ఉంది. అరనిమిషం గడిచింది. హోరు వెనక ఎక్కడో, టిక్కు. ఇంకొకటి. తరవాత గది నిండా టిక్కు టిక్కుమని ఒకటే మోత.

తెర మీద ఒక్కో గీతే దిగుతోంది. ముందు మబ్బులు, తరవాత నేల, తరవాత నల్లగా సముద్రం. అలా గీత గీతగా మా తీరం దిగింది. పెద్దాయన లేచి వచ్చి కళ్ళు చికిలించి చూశాడు. "ఇదేటి, మా ఒడ్డేనా?" అని వేలు పెట్టాడు. ఆ వేలి కింద, సముద్రంలో, తెల్లగా ఒక ముద్ద చుట్టుకుంటోంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. నవ్వు పోయింది. "ఫోనొకసారి ఇప్పించు బాబూ. రేపు పడవలు దించొద్దని సెప్పాల," అన్నాడు. ఆమె ఫోన్ ఆయన ముందుకి జరిపి, తల బల్ల మీద పెట్టుకుని ఏడ్చేసింది.

పెద్దసారు మాట తప్పలేదు. ఆమె ఉద్యోగం పక్కా చేశాడు. నన్ను పంపించెయ్యలేదు గానీ, ఇన్‌చార్జి పదవి తీసేసి ఆర్నెల్లు తిరక్కుండా ఆమెకే ఇచ్చాడు. మిగిలిన తొమ్మిదేళ్ళూ నేను ఆమె చేతి కిందే పనిచేశాను. మొదట్లో చాలా కష్టంగా ఉండేది. తరవాత అలవాటైంది. ఆ సోమవారం గోడ గడియారం సరైన టైముతో ఎక్కింది. నా వాచీ కూడా సరిచేసుకున్నాను, అయినా పాత అలవాటుగా అందులోంచి పది తీసేసుకుని తీరిగ్గా బయల్దేరాను. నేను ఆలస్యంగా వెళ్ళిన ఆ ఒక్క రోజు అదే.

ఆ రోజే ఆమె కంప్యూటర్ పక్కన ఒక లావుపాటి నోట్‌బుక్ పెట్టింది. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ళ పద్ధతే. ఎవరు ఏం మార్చినా అందులో రాయాలి. నాలుగు గడులు గీసింది: ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు, ఎందుకు. మొదటి వరస నాకు వదిలింది. గోడ గడియారం సంగతి కాదు సార్, శనివారం మధ్యాహ్నం సంగతి రాయండి అంది. మూడు గడులు రాశాను. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఖాళీగా వదిలేశాను. ఆమె చూసి, నోట్‌బుక్ తన వైపు లాక్కుంది.

తరవాత ఆ నోట్‌బుక్కులు ఎన్నో నిండాయి. నేను రిటైరైన రోజు సాయంత్రం, దండలూ టీలూ అయ్యాక, బీరువాలోంచి ఆ మొదటిది తీశాను. మొదటి పేజీలో నా వరస అలాగే ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగో గడిలో రాశాను: తిడతారని భయపడ్డాను.

వెనక నుంచి ఆమె వచ్చి చూసింది. నా చేతిలోంచి పెన్ను తీసుకోబోయి ఆగింది. తన వేలు కింది వరస మీద పెట్టింది. అది ఆమె వరస, అదే శనివారానిది, ప్రోగ్రామ్‌లో పది నిమిషాలు కలిపానని. నేను అంతవరకు గమనించనేలేదు. దాని నాలుగో గడి కూడా ఇన్నేళ్ళుగా ఖాళీగానే ఉంది.

"నా దాంట్ల సుత అదే రాయండి సార్," అంది.